అర అక్షరం తేడా

మృదంగం వాయించడం మానేసి మూడేళ్లయింది. కుడిచేతి ఉంగరపు వేలు ఇప్పుడు మజ్జిగ చెంబు ఎత్తడానికి కూడా నాతో బేరమాడుతోంది. అయినా సాయంత్రం పూట కుర్రవాళ్లు వస్తూనే ఉంటారు. అరుగు మీద చేరి, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి అడగాల్సింది అడుగుతారు: “మీ జీవితంలో గొప్ప కచేరీ ఏదండీ?” నేను ఏ సంస్థానం పేరో, ఏ బంగారు కంకణమో చెబుతానని వాళ్ల ఆశ. నాకేమో ముందుగా గుర్తొచ్చేది నిండు సభలో నేను పాడు చేసిన కచేరీ. ఆ తర్వాత, వినేవాళ్లు ఒక్కరు కూడా లేని అయిదు నెలల కచేరీ. ఆ రెండూ కలిపితేగాని కథ కాదు.

అప్పటికింకా గోదావరి మీద వంతెన లేదు. రాజమండ్రిలో ఒక జమీందారుగారు తమ పాత దివాణం ఖాళీగా పడి ఉంటే అందులో సంగీత పాఠశాల పెట్టించారు. పాటకు ఏడెనిమిదిమంది, వీణకు ముగ్గురు, మృదంగానికి నలుగురం. మా గురువుగారు పొట్టి మనిషి. నస్యం పీల్చేవారు. అందరికీ కోపం వస్తే గొంతు లేస్తుంది, ఆయనకు తగ్గేది. ఆయన గుసగుసగా మాట్లాడుతున్నారంటే మేం నలుగురం గోడకు అంటుకుపోయేవాళ్లం.

ఇప్పటి పిల్లలు వచ్చిన రోజే మృదంగం ఒళ్లో పెట్టమంటారు. మాకు మొదటి ఏడాది దాన్ని తాకే యోగం లేదు. తెల్లవారకముందే రేవుకి వెళ్లి, నడుం లోతు నీళ్లలో నిలబడి, నోటితో తధిగిణతొం చెబుతూ చేత్తో తాళం వేయడమే చదువు. చలికాలంలో పొగమంచు నీళ్ల మీద ఎంత దట్టంగా కూర్చునేదంటే, పక్కవాడి మాట వినిపించేది గాని మనిషి కనిపించేవాడు కాదు. నది మధ్యలో ఎక్కడో తెడ్డు పడ్డ చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు ఏ అక్షరం మీద పడిందా అని లెక్కపెట్టుకునేవాణ్ణి. తాళంలో ఒక దెబ్బ నుంచి ఇంకో దెబ్బ దాకా నడిచే కాలాన్ని అక్షరం అంటాం. నిద్రలో కూడా ఆ అక్షరాలు నడుస్తూనే ఉండేవి. మెలకువ ఎక్కడ మొదలైందో, కల ఎక్కడ ఆగిందో నాకే తెలిసేది కాదు.

రెండో ఏడు చెక్క మీద సాధన. మూడో ఏడు మృదంగం. మోత లోతుగా రావడానికి ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అంటించడం, కుడి మూతను రాయితో తట్టి తంబురా శ్రుతికి కలపడం, వానాకాలంలో ముసురు పట్టి చర్మం సాగిపోతే వంటింటి పొయ్యి దగ్గర కాసేపు కూర్చోబెట్టడం, అన్నీ వచ్చాయి. అన్నిటికన్నా ముందు లెక్క వచ్చింది. పాట దిగే చోటికి సరిగ్గా తెచ్చి ముగించే ముక్తాయింపు ఎంత చిక్కుదైనా వెంట్రుకవాసి తేడా లేకుండా వేసేవాణ్ణి. తోటివాళ్లు నాకు ‘లెక్కల పంతులు’ అని పేరు పెట్టారు. వెక్కిరింతేనని తెలుసు, అయినా లోలోపల మురిసిపోయేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఆ వయసులో ఆ మాత్రం పొగరు లేకపోతే జ్వరం వచ్చిందేమోనని ఇంట్లోవాళ్లు చెయ్యి పట్టుకు చూస్తారు.

మా పాఠశాలలో ఒక ఆచారం ఉండేది. మూడేళ్లు పూర్తయిన మృదంగం విద్యార్థి విజయదశమి నాడు జమీందారుగారి సభలో పెద్ద పంతులుగారి పాటకు వాయించాలి. పెద్ద పంతులుగారు అంటే ఆ దివాణంలో తాతల నాటి నుంచీ పాడుతున్న గాయకులు. ఏటికి అవతల కొవ్వూరులో ఉండేవారు. డెబ్భై దాటాయి. పాట అయ్యాక ఆయన మన వైపు చూసి “ఊ” అంటే చదువు అయినట్టు. ఆ తర్వాత ఎక్కడైనా వాయించుకోవచ్చు. అనకపోతే ఇంకో ఏడాది రేవులో చలికి వణకాలి.

నా వంతు వచ్చింది. ముందురోజు గురువుగారు పిలిచి చెప్పారు. “ఒరే, పాట ఎటు నడిస్తే అటు నడు. పాడేవారు ఎప్పుడైనా ఒక చిటికె జారారనుకో, నువ్వు సర్దెయ్యాలి. సభకి తెలియకూడదు. అదిరా మన పని.”

“అలాగేనండి,” అన్నాను. చెవితో విన్నాను, అంతే. పెద్ద పంతులుగారు జారడమేమిటి అనుకున్నాను.

సభ నిండింది. ఆయన తొడమీద చేత్తో తాళం వేసుకుంటూ పల్లవి ఎత్తుకున్నారు. పల్లవి అంటే ఒకే వాక్యాన్ని తాళంలో ఒకే చోట ఎత్తి, తిప్పి తిప్పి, మళ్లీ అదే చోటికి తెచ్చి దింపడం. ఆ గొంతు వణుకుతోంది గాని ఆ వణుకులో కూడా ఏదో వెన్నెల ఉంది. నాకు ఒళ్లు తెలియలేదు. మూడోసారి తిప్పినప్పుడు ఆయన అర అక్షరం ముందే దిగిపోయారు. తొడమీద చెయ్యి కూడా దాంతోపాటే జరిగింది. నేను జరగలేదు. నా లెక్క నాకు అద్దంలా కనిపిస్తోంది. ఆయన ముగించిన అర అక్షరం తర్వాత, నిశ్శబ్దంలో, నా దెబ్బ ఒంటరిగా ఠంగున మోగింది.

సభలో తల తిప్పనివాడు లేడు. ఫిడేలు వాయించేవాడు తన కమాను వైపు చూస్తూ ఉండిపోయాడు. పెద్ద పంతులుగారు ఒక్క క్షణం నన్ను చూశారు. ఆ చూపులో కోపం లేదు, ఇల్లు ఎటో మరిచిపోయిన మనిషి చూపు అది. పాట ఎలాగో పూర్తి చేసి, “ఊ” అనకుండానే లేచి, పడవెక్కి వెళ్లిపోయారు.

దివాణం వెనక వసారాలో గురువుగారు నా చేతిలోంచి మృదంగం తీసుకున్నారు. గొంతు బాగా తగ్గింది.

“లెక్క నీదే సరి. తప్పూ నీదే.”

“తాళం తప్పింది ఆయన కదండీ!” నోరు జారాను.

“నాకు తెలియదనుకున్నావురా? మూడేళ్లుగా ఆయన అక్కడే జారుతున్నారు. మూడేళ్లుగా మిగతా సభల్లో నేను సర్దుతున్నాను. ఆ పెద్దాయన పరువు నా చేతుల్లో పదిలంగా ఉంది. నువ్వు ఒక్క దెబ్బతో వీధిలో పెట్టావు.”

నాకు అప్పుడు అర్థమైంది. మర్నాటి నుంచి నన్ను మొదటి ఏడాది వాళ్లతో కలిపి రేవులో నిలబెట్టారు. నీళ్లలో నిలబడి తధిగిణతొం అంటుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించేది.

దీపావళి వెళ్లిన నాలుగో రోజున కొవ్వూరు నుంచి కబురొచ్చింది. “ఆ మృదంగం అబ్బాయిని ఒకసారి పంపండి.” గురువుగారు ముక్కుదాకా తెచ్చిన నస్యం మళ్లీ డబ్బాలో వేసేసుకున్నారు. “వెళ్లగానే కాళ్లమీద పడు. ఏమన్నా పడు. ఎదురు చెప్పకు,” అని మృదంగం నా చేతికిచ్చి పడవ ఎక్కించారు.

ఇల్లు ఏటిగట్టుకు దగ్గరే. ఆయన కూతురు తలుపు తీసింది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన ఆవిడ, నలభై దాటి ఉంటాయి. నన్ను పైనుంచి కిందికి చూసి, “నువ్వేనా?” అని పక్కకి తప్పుకుంది. నేను లోపలికి వెళ్లి ఆయన కాళ్లమీద పడ్డాను.

“లేరా, లే. పడటానికి కాదు పిలిచింది,” అన్నారు పెద్ద పంతులుగారు. “ఆ వేళ నేను తప్పానా?”

ఎదురు చెప్పవద్దన్నారు. అబద్ధం చెప్పమని మాత్రం అనలేదు. “తప్పారండి.”

“ఎంత?”

“అర అక్షరం ముందు దిగారండి.”

ఆయన కిటికీ వైపు తిరిగారు. కిటికీలోంచి గాలి వచ్చి తంబురా తీగలను తాకి పోతోంది. తర్వాత నెమ్మదిగా అన్నారు. “కళ్లు మసకబారితే తెలిసింది. పళ్లూడితే తెలిసింది. ఇదొక్కటీ పోతోందని ఎవరూ తెలియనివ్వలేదు నాకు. ఎన్నాళ్ల నుంచిరా?”

“గురువుగారు మూడేళ్లన్నారండి.”

“మంచివాడు మీ గురువు. మూడేళ్లు నన్ను మోశాడు. మోస్తున్నానని ఒక్క మాట చెప్పలేకపోయాడు. నేను నా కాళ్లమీదే నడుస్తున్నాననుకున్నాను.”

అప్పుడు ఆయన ఒక ఏర్పాటు చెప్పారు. ఉగాదికి దివాణంలో మళ్లీ సభ ఉంటుంది. అప్పటిదాకా నేను రోజూ పొద్దున్నే ఏరు దాటి రావాలి. ఆయన అదే పల్లవి పాడతారు, నేను వాయించాలి. “నేను జారితే సర్దకు. ముగిశాక ఒక్క మాట చెప్పు, సరి అనో, తప్పు అనో. బాగుంది, అమోఘం, అవన్నీ నాకొద్దు, చాలా విన్నాను. ఉగాది ముందురోజు పొద్దున సరిగ్గా పాడితే సభలో పాడతాను. ఆ రోజు కూడా జారితే నా అంతట నేనే మానేస్తాను. ఎప్పుడు మానాలో నాకు తెలియాలి గదరా.”

అలా మొదలైంది. చీకటి విడుతుండగా పడవెక్కేవాణ్ణి. ఒళ్లో మృదంగం, చలికి దాని మీద నా ఉత్తరీయమే కప్పేవాణ్ణి. మంచులో ఏ గట్టూ కనిపించేది కాదు. పడవ కదులుతోందో లేదో కూడా తెలిసేది కాదు, నీళ్లూ ఆకాశమూ ఒకటే తెలుపు. పడవవాడు మాట్లాడేవాడు కాదు, ఊరికే ఏదో కూనిరాగం తీసేవాడు. ఆ రాగంలోంచి మెల్లగా కొవ్వూరు రేవు మెట్లు తేలి వచ్చేవి. ఇప్పటికీ జ్వరం వస్తే నాకు ఆ తెలుపే కళ్లముందు కనిపిస్తుంది.

ఆయన గోడకు ఆనుకుని కూర్చుని పాడేవారు. వినేవాళ్లెవరూ లేరు. వంటింట్లో కూతురు గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా ఆగిపోయేది. కొన్ని రోజులు పల్లవి అంచు చెదరకుండా వచ్చేది. “సరి” అనేవాణ్ణి. కొన్ని రోజులు అదే మలుపు దగ్గర కాలు జారేది, నా దెబ్బ ఒంటరిగా మోగేది. “తప్పు” అనేవాణ్ణి. మొదట్లో ఆ మాట అనడానికి నాలుక తిరిగేది కాదు. ఆయన మాత్రం నవ్వేవారు. “దొరికావురా దొంగా,” అని ఆ అర అక్షరాన్నే తిట్టుకుని మళ్లీ ఎత్తుకునేవారు. సంక్రాంతి వెళ్లేసరికి తప్పులు తగ్గాయి. మాఘంలో వరసగా తొమ్మిది రోజులు సరి. పదో రోజు వరండాలో నా భుజం మీద చెయ్యి వేసి, “ఉగాదికి నువ్వే వాయించాలి. ఆ వేళ ‘ఊ’ అంటాలే,” అన్నారు. నది అప్పటికి తేటపడి ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. తిరిగి వస్తూ ఆ ఇసుకలో గెంతుకుంటూ నడిచాను.

ఫాల్గుణంలో మళ్లీ మొదలైంది. రెండు రోజులకోసారి, తర్వాత రోజు విడిచి రోజు. ఆయన నవ్వడం తగ్గించారు. ఉగాది నాలుగు రోజులుందనగా, నేను చెప్పులు వేసుకుంటుంటే కూతురు గుమ్మం దాకా వచ్చింది.

“బాబూ, ఒక మాట. ఆ రోజు తప్పితే తప్పన్నావనుకో, నాన్నగారు ఇక తంబురా ముట్టరు. ఆయన సంగతి నాకు తెలుసు. పొద్దున్నే ఆ పాట కోసమే లేస్తారు, ఆ పాట కోసమే రెండు ముద్దలు తింటారు. నీకు అర అక్షరం. నాకు ఆయన.”

“మాటిచ్చానండి అమ్మగారూ,” అన్నాను.

“నేను మాట తప్పమనడం లేదు. మీ గురువుగారు నేర్పినట్టు వాయించమంటున్నాను,” అని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడన్నది న్యాయమే, ఆయనడిగింది న్యాయమే. రెండు న్యాయాల మధ్య నా రెండు చేతులున్నాయి.

ఉగాది ముందురోజు. ఆయన తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్నారు. కూతురు ఆ వేళ వంటింట్లో లేదు, తలుపు వారగా నిలబడింది. పల్లవి ఎత్తుకున్నారు. అంత హాయిగా ఆ అయిదు నెలల్లో ఎప్పుడూ పాడలేదు. గొంతులో వణుకే లేదు. మొదటిసారి తిప్పారు, దించారు. రెండోసారి తిప్పారు, దించారు. మూడోసారి ఆ మలుపు దగ్గరకు వచ్చారు. ఆయన జారారు.

నా చెయ్యి సర్దేసింది.

నేను నిశ్చయించుకుని చేశానని చెప్పలేను. చెయ్యలేదని కూడా చెప్పలేను. నూటికి పైగా పొద్దుటిపూటలు ఆయన పక్కన నడిచిన చెయ్యి, ఆయన పడబోతుంటే పట్టుకుంది. కుడిచేత్తో వేస్తున్న ముక్తాయింపును అర అక్షరం మింగి, ఎడమచేతి మోతను దాని కింద పరిచి, ఆయన దిగిన చోటే నేనూ దిగాను. ఎక్కడా అతుకు లేదు. నా జీవితంలో అంత అందంగా ఇంకెప్పుడూ వాయించలేదు.

పాట ముగించి, కళ్లు తెరవకుండానే అడిగారు. “ఏంరా?”

“చాలా బాగా వచ్చిందండి,” అన్నాను.

ఆయన కళ్లు తెరిచారు. “అయిదు నెలల్లో పాట ముగిశాక నువ్వు ఒక్క మాట దాటి మాట్లాడటం ఇదే మొదలు.”

నేను తల వంచుకున్నాను.

“ఎక్కడ?”

“మూడోసారి తిప్పినప్పుడండి.”

“అంతేనా?”

“అర అక్షరమేనండి.” నాకు ఏడుపు వచ్చేసింది. మృదంగం మీద పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

“ఏడవకు. ఎంత బాగా సర్దావురా! నాకు తెలియలేదు, మీ గురువు సర్దినప్పుడూ తెలియలేదు. జాలిపడ్డావు. నిన్ను తప్పుపట్టను. కానీ నువ్వు కూడా జాలిపడే దాకా వచ్చానంటే ఇక చాలు.” అంటూ తంబురా దగ్గరకు లాక్కుని, ఒక్కొక్క తీగే వదులు చేశారు. నాలుగో తీగ వదిలాక దాన్ని కూతురికి అందించారు. ఆవిడ నన్ను చూడలేదు. తంబురాను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లింది.

మర్నాడు సభకు ఆయన వచ్చారు. జమీందారుగారు పాడమంటే, “నేను మానేశానండి. ఇవాళ వింటాను,” అని అందరికీ వినబడేలా చెప్పి మొదటి వరసలో కూర్చున్నారు. ఇంకొకరు పాడారు, నేను వాయించాను. అందులో ఆ గాయకుడు ఒకచోట తడబడ్డాడు, నేను సర్దాను, సభకు తెలియలేదు. పెద్ద పంతులుగారి ‘ఊ’ కోసం ఆగకుండా గురువుగారే వసారాలో నా వీపు తట్టి, “ఇప్పుడు వచ్చిందిరా నీకు మృదంగం,” అన్నారు. ఆ మాట కోసం మూడేళ్లు చలిలో నిలబడ్డవాణ్ణి. ఆ వేళ అది నాకు చెంపదెబ్బలా తగిలింది.

వారం రోజులు ఏరు దాటలేదు. దాటే ముఖం లేదు. ఎనిమిదో రోజు పొద్దున మా పడవవాడు దివాణం గుమ్మంలో నిలబడి, “ఏంటి బాబూ, అవతల అమ్మగారు రోజూ రేవులోకొచ్చి చూస్తన్నారు. రావేంటి?” అన్నాడు. వెళ్లాను. ఆవిడ మెట్లమీదే ఉంది. “రా,” అంది. “పొద్దున్నే లేచి కూర్చుంటున్నారు. నువ్వొస్తావని.”

పెద్ద పంతులుగారు అదే గోడకు ఆనుకుని ఉన్నారు. పక్కన తంబురా లేదు. “పాడుతూ లెక్క పట్టుకోవడం పోయింది గాని, వింటూ పట్టుకోవడం పోలేదురా నాకు,” అన్నారు. “నువ్వు వాయించు. నేను తాళం వేస్తాను.”

నేను మృదంగం ఒళ్లో పెట్టుకున్నాను. లెక్కల పంతుల్ని కదా, దంచేశాను. ముగిశాక ఆయన తొడమీద చెయ్యి ఆపి, “తప్పు,” అన్నారు.

తర్వాత ఆరేళ్లు బతికారు ఆయన. పరాయి ఊళ్లో కచేరీ లేని ప్రతి పొద్దూ నేను ఏరు దాటాను. బయట నాకు శాలువాలు కప్పారు, భేష్ అన్నారు, నా తప్పులు ఎందరో పెద్దలు దయతో కప్పిపుచ్చారు. ఆ ఇంట్లో మాత్రం, ఆ ఆరేళ్లలో, ఆయన నన్ను ఒక్కసారి కూడా సర్దలేదు.